క్రిస్మస్ తేదీ, క్రిస్మస్ విశ్వాసం
డిసెంబరు 25 అన్న తేదీ బైబిలులో ఎక్కడా లేదు కనుక క్రిస్మస్‌కు ఆధ్యాత్మికమైన ఆధారమే లేదని ఒక వ్యాసకర్త రాశారు; ఆ వాదనలో మొదటి భాగాన్ని అంగీకరిస్తాను గానీ, దాని నుంచి తీసిన నిర్ధారణను అంగీకరించలేను. రోమ్‌లో ఆ తేదీ పాటించినట్లు తెలిపే తొలి ఆధారం క్రీ.శ. 336 నాటిది, ఆర్మేనియా అపోస్తలిక సంఘం అనే ప్రాచీన చర్చి నేటికీ జనవరి 6నే క్రీస్తు జననాన్ని స్మరిస్తుంది. తేదీలు వేరైనా అందరూ ఆరాధించేది యోహాను సువార్త మొదటి అధ్యాయం ప్రకటించిన ఒకే సత్యాన్ని, అంటే వాక్యము (దేవుని కుమారుడైన క్రీస్తు) శరీరధారియై మన మధ్య నివసించిన సంగతిని. దేవుడు దూరాన ఉండి ఆజ్ఞలు పంపడంతో సరిపెట్టుకోక, ఆకలి, అలసట, కన్నీరు, చివరకు మరణం కూడా అనుభవించే మానవ దేహాన్ని స్వీకరించాడని నమ్మేవారికి శిశువైన యేసును పడుకోబెట్టిన పశువుల తొట్టి అలంకరణ వస్తువుగా కనిపించదు. ఫిలిప్పీయులకు రాసిన పత్రికలో అపొస్తలుడైన పౌలు వర్ణించినట్లు, క్రీస్తు తనను తాను తగ్గించుకోవడం ఆ తొట్టి నుంచి సిలువ దాకా సాగింది. క్రీస్తు పుట్టాడన్న శుభవార్త మొదట రాత్రివేళ మందను కాస్తున్న గొర్రెల కాపరులకు చేరిందని సువార్తికుడు లూకా రాయడం నన్ను ఎప్పుడూ కదిలిస్తుంది. మా అమ్మగారు కన్నుమూసిన ఏడాది మా ఇంట్లో పండుగ సందడి ఏదీ లేదు; అయినా మరణం ఉన్న ఈ లోకంలోకే ఆయన వచ్చాడన్న నమ్మకంతో ఆ ఉదయం ఆరాధనకు వెళ్లగలిగాను.