కంటైనర్ ఎక్కడుందో చెబుతారు, ఏం జరిగిందో చెప్పరు

చెన్నై రాజాజీ సాలైలోని కస్టమ్ హౌస్ నుంచి లింగిచెట్టి వీధి, తంబుచెట్టి వీధి ఎంతో దూరం లేవు. సరుకుకు కస్టమ్స్ అనుమతులు తెచ్చి ఓడ ఎక్కించే అక్కడి క్లియరింగ్, ఫార్వర్డింగ్ ఆఫీసుల్లో తెలుగు వినబడటం మామూలే. చిత్తూరు మామిడి గుజ్జు, గుంటూరు మిర్చి లాంటి మన సరుకులో కొంత చెన్నై, కాట్టుపల్లి రేవుల మీదుగానే ఓడ ఎక్కుతుంది. ఆ ఆఫీసుల్లో చాలాచోట్ల ఇప్పటికీ పొద్దున్నే మొదలయ్యే పని ఏమిటంటే, ఎక్సెల్ షీటులోంచి కంటైనర్ నంబరు తీసి షిప్పింగ్ లైను, అంటే ఓడల కంపెనీ వెబ్‌సైటులో వేసి, కనబడిన తేదీని మళ్లీ షీటులో కొట్టుకోవడం. లైను మారితే వెబ్‌సైటు మారుతుంది, పని మాత్రం అదే.

ఏపీఐలు, అంటే ఒక సాఫ్ట్‌వేర్ ఇంకో సాఫ్ట్‌వేర్‌ను నేరుగా సమాచారం అడిగే దారులు వచ్చాయి కదా, ఈ తిప్పలు తీరిపోతాయి అంటున్నారు. సగమే తీరాయి. ఇప్పుడున్న ఏపీఐల్లో ఎక్కువ భాగం 'బాక్సు ఎక్కడుంది' అనే ప్రశ్న కోసం కట్టినవి. ఎగుమతిదారుకు డబ్బు పోయేదీ, తిరిగి వచ్చేదీ 'ఏ రోజున ఏం జరిగింది, అప్పుడు మాకేం చెప్పారు' అనే ప్రశ్న దగ్గర. ఆ చరిత్రను సరుకు యజమాని తనంతట తాను వెతికి తీసుకునే వీలు ఉండి తీరాలని నా వాదన.

మామిడి గుజ్జు బాక్సునే తీసుకుందాం. ఓడ 14న వస్తుందన్న అంచనా చూసి 11న బాక్సును రేవు టెర్మినల్ లోపలికి పంపారు (గేట్-ఇన్). ఓడ ఆలస్యమై 19న కదిలింది. మధ్యలో అన్ని రోజులు బాక్సు యార్డులో కూర్చుంటే గ్రౌండ్ రెంట్, అంటే ఆ చోటుకు అద్దె బిల్లు వస్తుంది. 'మీరు చెప్పిన తేదీ నమ్మే కదా పంపాం' అని వాదించాలంటే 11వ తేదీన తెర మీద కనబడిన ఆ 14 కావాలి. కానీ 20న ఏపీఐని అడిగితే '19న బయలుదేరింది' అని మాత్రమే వస్తుంది. పాత అంచనా మీద కొత్తది రాసేశారు. అప్పుడు స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నవాడే గెలుస్తాడు.

ఇది సాంకేతికంగా కుదరని పనేమీ కాదు. మర్స్క్, ఎంఎస్‌సీ, హపాగ్-లాయిడ్ వంటి పెద్ద లైన్లు 2019లో పెట్టుకున్న డిజిటల్ కంటైనర్ షిప్పింగ్ అసోసియేషన్, కంటైనర్ జాడకు ఒక ఉమ్మడి ప్రమాణం తయారుచేసింది. అందులో ప్రతి సంఘటన పక్కనా అది ముందుగా వేసుకున్న ప్రణాళికా, అంచనానా, నిజంగా జరిగిందా అన్న గుర్తు ఉంటుంది. సంఘటన జరిగిన సమయం వేరు, ఆ కబురు వ్యవస్థలోకి ఎక్కిన సమయం వేరు. రెండూ విడివిడిగా ఉంటాయి. పాత అంచనాలను చెరపకుండా వరుసగా దాచడానికి ఇంతకంటే ఏం కావాలి?

వెతుకులాట దగ్గర నన్ను ఎక్కువగా బాధపెట్టేది 'రికార్డు లేదు' అన్న జవాబు. ఆ ఒక్క మాట వెనక నాలుగు వేర్వేరు సంగతులు దాగి ఉంటాయి. నంబరే తప్పు కొట్టి ఉండవచ్చు. నంబరు సరైనదే అయినా సమాచారం ఇంకా చేరకపోవచ్చు. మీకు చూసే అనుమతి లేకపోవచ్చు. లేదా గడువు దాటిందని రికార్డును తీసేసి ఉండవచ్చు. మొదటిదాన్ని వెతక్కముందే పట్టుకోవచ్చు. కంటైనర్ నంబరులో నాలుగు అక్షరాలు, ఆరు అంకెలు, చివర ఒక సరిచూపు అంకె ఉంటాయి. ముందున్న పదింటికీ విలువలు కట్టి, వరుసగా 1, 2, 4, 8 అంటూ రెట్టింపయ్యే సంఖ్యలతో గుణించి, మొత్తాన్ని 11తో భాగిస్తే వచ్చే శేషమే ఆ చివరి అంకె. శేషం 10 అయితే సున్నా వేస్తారు. లెక్క కుదరకపోతే 'నంబరు తప్పు' అని 400 అనే వెబ్ ఎర్రర్ కోడ్‌తో అక్కడికక్కడే చెప్పేయవచ్చు. తీసేసిన రికార్డుకు 410 అనే కోడ్ ఉండనే ఉంది. పరాయివాళ్ల నంబరు అడిగితే 'లేదు' అనడంలో న్యాయముంది, ఆ సరుకు ఉన్నట్టు కూడా బయటపడకూడదు. సొంత సరుకు అడిగినవాడికీ అదే జవాబిస్తే, అతను పోర్టుకు ఫోన్ చేయాలో, షీటు సరిచూసుకోవాలో ఎలా తెలుస్తుంది?

తేదీల గొడవ ఇంకొకటి. దిగుమతి బాక్సు ఒకటి 12వ తేదీ తెల్లవారుజామున రెండు గంటలకు ఓడ దిగిందనుకోండి. ఏపీఐ మనకంటే ఐదున్నర గంటలు వెనకున్న అంతర్జాతీయ సమయంలో (యూటీసీ) పంపితే అది 11వ తేదీ రాత్రి 8:30. మన సాఫ్ట్‌వేర్ గంటలు కోసేసి తేదీ మాత్రమే ఉంచుకుంటే ఫ్రీ డేస్ (అద్దె పడని రోజులు) లెక్క ఒక రోజు ముందే మొదలైపోతుంది. 12వ తేదీ రికార్డులు వెతికితే ఆ బాక్సు కనబడదు. అర్ధరాత్రి నుంచి తెల్లవారుజామున 5:30 దాకా జరిగినవన్నీ ఇలాగే జారిపోతాయి. సమయంతోపాటు ఏ దేశపు గడియారమో పంపడం, ఏ గడియారం ప్రకారం వెతుకుతున్నామో అడగనివ్వడం ఏపీఐ కట్టినవాళ్ల బాధ్యత.

ఒకే సరుకుకు ఎన్ని నంబర్లో చూడండి. ఎగుమతిదారు దగ్గర ఇన్వాయిస్, ఫార్వర్డర్ దగ్గర హౌస్ బీఎల్ (బీఎల్ అంటే సరుకు అందిందని ఇచ్చే బిల్ ఆఫ్ లేడింగ్), లైను దగ్గర మాస్టర్ బీఎల్, కస్టమ్స్ దగ్గర షిప్పింగ్ బిల్లు. ఐజీఎస్టీ (ఎగుమతులకూ వర్తించే జీఎస్టీ) కట్టి ఎగుమతి చేస్తే షిప్పింగ్ బిల్లునే రీఫండ్ దరఖాస్తుగా లెక్కిస్తారు. అందులోని ఇన్వాయిస్ వివరాలు అమ్మకాల రిటర్ను జీఎస్టీఆర్-1తో కలవకపోతే ఎస్‌బీ005 అనే ఎర్రర్ పడి డబ్బు ఆగిపోతుంది. ఏ నంబరుతో అడిగినా మిగతా మూడూ ఇచ్చే వెతుకులాట ఉంటే, ఆ తేడా సరుకు ఓడ ఎక్కకముందే దొరుకుతుంది.

డేటా తెరిస్తే పోటీదారుల చేతికి పోతుందన్న భయం ఉంది. దాన్ని నేను కొట్టిపారేయను. 2022లో కస్టమ్స్ చట్టంలో 135ఏఏ సెక్షన్ చేర్చి, దిగుమతి ఎగుమతుల విలువ, వివరాలను అక్రమంగా ప్రచురిస్తే ఆరు నెలల దాకా జైలు, లేదా 50 వేల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ అన్నారు. పరాయివాళ్ల నుంచి కాపాడటానికి చట్టం ఉంది, మంచిదే. యజమానికి తన సరుకు చరిత్ర ఇవ్వకపోవడానికి మాత్రం దాన్ని సాకుగా చూపలేరు. జీఎస్టీ చట్టం వ్యాపారిని వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు లెక్కలు దాచమంటుంది. ట్రాకింగ్ తెరలో పాత సరుకు జాడ అంతకు ఎంతో ముందే మాయమైతే దాచాల్సిన కాగితం ఎక్కడి నుంచి తెస్తాడు?

ప్రభుత్వం వైపు దారులు పడ్డాయి. కంటైనర్లను ఆర్‌ఎఫ్‌ఐడీ (రేడియో తరంగాలతో చదివే) ట్యాగులతో గుర్తించే లాజిస్టిక్స్ డేటా బ్యాంక్ 2016లో ముంబై దగ్గరి జేఎన్‌పీటీ రేవులో మొదలైంది. జాతీయ లాజిస్టిక్స్ విధానంతో పాటు 2022 సెప్టెంబరులో వచ్చిన ప్రభుత్వ వేదిక యులిప్, వేర్వేరు శాఖల వ్యవస్థలను ఏపీఐలతో ఒకచోటికి తెచ్చింది. ఇది పెద్ద అడుగే. ఇద్దరు ముగ్గురు సిబ్బందితో నడిచే ఫార్వర్డర్‌కు ఆ ఏపీఐ వాడే ప్రోగ్రామర్‌ను పెట్టుకునే స్తోమత ఉండదు కాబట్టి, అవే రికార్డులు ఒక్క నొక్కుతో ఫైలుగా దిగే ఏర్పాటు కూడా పక్కనే ఉండాలి.

అంతదాకా ఆగనక్కర్లేదు. లైనుతో ఏడాది రేటు మాట్లాడుకునేటప్పుడు ఎగుమతిదారులు ఇంకో రెండు షరతులు పెట్టవచ్చు: మా బాక్సుల మీద మీరు చూపిన ప్రతి అంచనా, దాన్ని మార్చిన సమయంతో సహా మాకు ఇవ్వాలి, కనీసం 72 నెలలు వెతకనివ్వాలి. ఒక్కడు అడిగితే పట్టించుకోకపోవచ్చు. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలన్నీ కలిసి, సీజన్ మొదలవక ముందే అడిగితే లైను సేల్స్ మేనేజరు కుర్చీ దగ్గరికి లాక్కుని వింటాడు.