ఉమ్మడి కునుకు స్మృతి

దేవుడు ఒక్కడా, ముగ్గురా, ముక్కోటా, అసలున్నాడా అన్న దగ్గర మతాలకు ఇంతవరకూ రాజీ కుదరలేదు. కళ్లు మూసుకుని కూర్చున్నవాడికి కాసేపట్లో మెడ వాలిపోతుందన్న దగ్గర మాత్రం ఎవరికీ పేచీ లేదు. సర్వమత సమ్మేళనాల పెద్దలు ఇంత గట్టి పునాదిని వదిలేసి ఎక్కడెక్కడో తవ్వుతున్నారు. ఐక్యరాజ్యసమితి ఒక్కటే పసిగట్టినట్టుంది: 2024లో ప్రపంచ ధ్యాన దినోత్సవానికి డిసెంబరు 21ని ఖాయం చేసింది. మనవైపు ఏడాదిలోకెల్లా పొడుగాటి రాత్రి వచ్చేది అప్పుడే.

ఈ శాస్త్రంలో అగ్రతాంబూలం బుద్ధుడిది. అగ్రశిష్యుడు మౌద్గల్యాయనుడంతటివాడే కూర్చున్నచోట జోగుతూ దొరికిపోయాడు. అతనికి చెప్పిన చికిత్స అంగుత్తర నికాయమనే బౌద్ధ గ్రంథంలో వరసగా ఉంది. ఏ తలపుతో మత్తు ముంచుకొస్తోందో దాన్ని వదిలెయ్యి. పోలేదా, విన్న ధర్మాన్ని నెమరేసుకో. అప్పటికీ పోలేదా, పైకి వల్లించు. రెండు చెవులూ లాగి ఒళ్లు రుద్దుకో. లేచి కళ్లు కడుక్కుని చుక్కల వంక చూడు. రాత్రిని పగలనుకో. పచార్లు చెయ్యి. ఏదీ పనిచేయకపోతే కుడిపక్కకు తిరిగి పడుకో, కానీ లేవాలని గట్టిగా అనుకుని పడుకో, మెలకువ రాగానే దిగ్గున లే. భక్తులు సాధారణంగా 'పడుకో' దాకా చదివి పుస్తకం మూస్తారు.

జపాన్ జెన్ మఠాలు చెవులతో సరిపెట్టుకోలేదు. జఫు అనే గుండ్రటి దిండు ముందు అంచున కూర్చోవాలి, అప్పుడే మోకాళ్లు రెండూ నేలకు ఆనుతాయి. దిండు నిండా కూర్చుంటే మోకాళ్లు గాల్లో లేస్తాయి, నడుం వెనక్కి కుంగుతుంది, ఇక ధ్యానమంతా నడుం మీదే. కళ్లు సగమే మూయాలి. పూర్తిగా మూస్తే ఏమవుతుందో వాళ్లకు తెలుసు. ఊపిరిని 1 నుంచి 10 దాకా లెక్కపెట్టి మళ్లీ 1కి రావాలి. లెక్క 17కి చేరిందంటే మనిషి అక్కడ లేడని అర్థం. అప్పుడు క్యోసకు అనే చపటా కర్ర భుజం మీద పడుతుంది. తిన్నవాడు చేతులు జోడించి వంగి నమస్కరించాలి. మన వీధిబడుల్లో బెత్తం ఉండేది, ఈ నమస్కారం ఒక్కటే తక్కువైంది.

పతంజలి ఎవరినీ కొట్టలేదు, జాబితా రాశాడు. తొమ్మిది ఆటంకాల్లో బద్ధకానికి ఒక్క సీటు చాలదని స్త్యానం, ఆలస్యం అని రెండిచ్చాడు. జైనులు వ్యవహారం తెలిసినవాళ్లు: సామాయికమనే తమ ధ్యానానికి రెండు ఘడియలు, అంటే 48 నిమిషాలని ముందే గిరిగీశారు. నక్ష్‌బందీ సూఫీలైతే 'జనంలో ఉంటూనే ఏకాంతం' అన్నారు. ఆఫీసు మీటింగుల్లో ఇది ఎప్పటినుంచో అమల్లో ఉంది.

నాలుగో శతాబ్దంలో ఈజిప్టు ఎడారి క్రైస్తవ సన్యాసుల మధ్య బతికిన ఎవాగ్రియస్ మాత్రం అసలు గుట్టు పట్టేశాడు. పొద్దున పది నుంచి మధ్యాహ్నం రెండు దాకా ఒక దయ్యం పట్టుకుంటుందట. ఎండ కదలదు. రోజుకు 50 గంటలున్నట్టుంటుంది. సన్యాసి మాటిమాటికీ కిటికీలోంచి తొంగిచూస్తాడు, భోజనం వేళకు ఇంకెంతుందని సూర్యుణ్ణి కొలుస్తాడు, తోటివాడెవడైనా ఇటు వస్తాడేమోనని చూస్తాడు. పాపం, అప్పటికి ఫోన్ లేదు.

వెక్కిరింతల చరిత్ర కూడా పాతదే. 14వ శతాబ్దంలో గ్రీసులోని ఆథోస్ కొండ మీది క్రైస్తవ సన్యాసులు పొట్టి పీట మీద కూర్చుని, గడ్డం ఛాతీకి ఆన్చి, ఊపిరి నెమ్మది చేసి యేసు నామం జపించేవారు. ఇటలీలోని కలాబ్రియా నుంచి వచ్చిన బర్లాం అనే పండితుడు వాళ్లకు 'బొడ్డులో ఆత్మ ఉన్నవాళ్లు' అని పేరుపెట్టాడు. వాళ్లలోనే ఒకడైన గ్రెగరీ పాలమాస్ సన్యాసుల తరఫున వాదించాడు. 1341లో కాన్‌స్టాంటినోపుల్‌లో కూడిన మతపెద్దల సభ పాలమాస్ పక్షానే నిలిచింది, బర్లాం ఇటలీకి మూటాముల్లె సర్దుకున్నాడు. మనకు ఇటలీ వీసా అంత తేలిగ్గా రాదు కాబట్టి ఈ వ్యాసం ఇక్కడితో ఆగుతోంది.