ట్రిపెట్టి మునుసామిని ఎవరు గుర్తుపడతారు?

పాత సైనిక రిజిస్టర్‌లో ఒక వరుస ఇలా ఉందనుకోండి: ‘మూనూసామీ, తండ్రి చెంగల్‌రాయ్, ట్రిపెట్టి, నార్త్ ఆర్కాట్.’ ఇంగ్లీషు గొలుసుకట్టు రాత, వెలిసిపోయిన సిరా. పాత రికార్డుల స్కాన్లు చూసి పేర్లు రాసిపెట్టే వాలంటీర్, లండన్‌లో తన ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని, ఎంత శ్రద్ధగా చూసినా అక్కడ తడబడతాడు. అదే వరుసను తిరుపతిలో పైకి చదివి వినిపించండి. మునుసామి అని చిన్నపిల్లలు కూడా చెబుతారు. చెంగల్రాయుడి పేరు వినగానే పెద్దవాళ్లకు సుబ్రహ్మణ్యస్వామి కొలువైన తిరుత్తణి కొండ గుర్తొస్తుంది. ఆ తిరుత్తణి 1960 దాకా మన చిత్తూరు జిల్లాలోనిదే. ట్రిపెట్టి అంటే తిరుపతి. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడకముందు తిరుపతి, కాళహస్తి ఉత్తర ఆర్కాటు జిల్లా కిందే ఉండేవి, దానికి ముఖ్యపట్టణం చిత్తూరు. అదే మదనపల్లె మనిషి కోసం వెతకాలంటే ఆ కాలపు కడప జిల్లా కాగితాలు తిరగెయ్యాలి.

ఇంత సంగతి తెలిసినవాళ్లు మన ఇళ్లలోనే ఉన్నారు. పాత సైనిక రికార్డులు చదివే పనిలో మాత్రం లేరు. నా బాధంతా అదే.

చేతిరాత పేజీలను జనంతో చదివించడం కొత్తేం కాదు. బ్రిటన్ నేషనల్ ఆర్కైవ్స్, ఇంపీరియల్ వార్ మ్యూజియం, వాలంటీర్లతో ఆన్‌లైన్‌లో పరిశోధన పనులు చేయించే వెబ్‌సైట్ జూనివర్స్ కలిసి మొదటి ప్రపంచయుద్ధం నాటి యూనిట్ డైరీలను 2014లో వాలంటీర్ల ముందు పెట్టాయి. ఆ డైరీలు దాదాపు 15 లక్షల పేజీలు. ఒకే పేజీని పలువురికి చూపిస్తారు, వాళ్ల చదువులు ఎక్కడ కలుస్తాయో చూసి దాన్నే తీసుకుంటారు. స్మిత్, టేలర్ లాంటి పేర్లకు ఇది బాగా పనిచేస్తుంది. ఒకరు పొరబడితే ఇంకొకరు పట్టుకుంటారు. కానీ తెలుగు పేరు ఎన్నడూ వినని ఐదుగురి ముందు మునుసామి వస్తే? గొలుసుకట్టు రాతలో ‘ఎన్’, ‘యు’ ఒకేలా కనిపిస్తాయి. ‘ఎం’ చూస్తే ‘ఐ’, ‘ఎన్’ పక్కపక్కన రాసినట్టు ఉంటుంది. ఐదుగురూ ఒకే తప్పు చదవొచ్చు. అప్పుడు ఆ తప్పుకే ఐదు ఓట్లు పడతాయి, మునిమనవడు వచ్చి వెతికినా ఆ పేరు దొరకదు. చేతిరాత చదివే సాఫ్ట్‌వేర్ వచ్చింది కదా అనేవాళ్లున్నారు. అది నేర్చుకునేది మనుషులు చదివిపెట్టిన పేజీల నుంచే. మన పేర్లు సరిగ్గా చదివినవాళ్లు లేకపోతే అదీ ఆ తప్పే చేస్తుంది, ఇంకా వేగంగా.

పేరు పోవడం మనవాళ్లకు ఒకసారి జరిగిపోయింది. మొదటి ప్రపంచయుద్ధంలో 13 లక్షలకు పైగా భారతీయులు పనిచేశారు, సుమారు 74 వేలమంది చనిపోయారు. ఇరాక్‌లోని బస్రా స్మారకం 40 వేలమందికి పైగా సైనికుల గుర్తుగా కట్టింది. దాని మీద భారతీయ అధికారుల పేర్లున్నాయి, మామూలు సిపాయిలకు మాత్రం యూనిట్‌వారీగా అంకెలే. మద్రాసు ప్రెసిడెన్సీలో కొన్ని ఊళ్లలో పెట్టిన రాతిఫలకాలూ అంతే. ఈ ఊరి నుంచి ఇంతమంది యుద్ధానికి వెళ్లారు, ఇంతమంది ప్రాణాలిచ్చారు. ఎవరు? ఫలకం చెప్పదు. యుద్ధాల్లో చనిపోయినవాళ్ల సమాధులు, స్మారకాలు చూసుకునే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ నియమించిన కమిటీ 2021లో ఈ వివక్షను లెక్కగట్టింది. భారతీయులు, ఆఫ్రికన్లు, ఈజిప్షియన్లు కలిపి 45 వేల నుంచి 54 వేలమందికి సమానమైన గుర్తింపు దక్కలేదని తేల్చింది. కమిషన్ క్షమాపణ చెప్పింది. మంచిదే. కానీ ఆ పేర్లను మళ్లీ ఒక్కొక్కటిగా కూడబలుక్కుని చదవాల్సింది మనుషులే.

పంజాబ్‌వాళ్లు ఆ పని మొదలుపెట్టారు. లాహోర్ మ్యూజియంలో 97 ఏళ్లు ఎవరూ పట్టించుకోని రిజిస్టర్లు దొరికాయి. ఊరివారీగా రాసిన ఆ పుస్తకాల్లో సుమారు 3 లక్షల 20 వేల సైనికుల వివరాలున్నాయి. గ్రీనిచ్ విశ్వవిద్యాలయం, బ్రిటన్‌లోని పంజాబీ వారసత్వ సంఘం కలిసి వాటిలో జలంధర్, లూధియానా, సియాల్‌కోట్ జిల్లాల వివరాలను 2021లో జనానికి అందుబాటులో పెట్టాయి. ముత్తాత పేరు, ఊరు వెతుక్కునే వీలు ఆ కుటుంబాలకు కలిగింది. మనకెందుకు ఉండకూడదు?

అయితే మనవాళ్లు చదివితే చాలు అంతా సరైపోతుందని నేను అనను. తెలిసినవాళ్లు చేసే తప్పు వేరే ఉంటుంది. మూనూసామీని చూడగానే ‘మునిస్వామి’ అని దిద్దేస్తాం, ఇంకాస్త ఉత్సాహం వస్తే ఇంటిపేరు కూడా తగిలిస్తాం. అది చదవడం కాదు. ఈ విషయంలో మనకు మంచి పాఠం కొండ మీదే ఉంది. దేవస్థానం శాసన పరిశోధకుడు సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి తిరుమల, తిరుపతి గుళ్లలోని శాసనాలను చదివి 1930లో నివేదిక ఇచ్చారు. శాసనాలు చదివేవాళ్లు అరిగిపోయిన అక్షరం చోట చుక్కలు పెడతారు, ఊహించి పూరించినదాన్ని బ్రాకెట్లో ఉంచుతారు. రాతిలో ఉన్నదేదో, చదివినవాడు అనుకున్నదేదో విడిగా తెలుస్తుంది. సైనికుల పేర్లకూ అదే నియమం ఉండాలి. ఒక గడిలో ఉన్నది ఉన్నట్టు ‘మూనూసామీ’. పక్క గడిలో ‘మునుసామి కావచ్చు’. కులం గడిలో నేడు వినడానికి కష్టంగా ఉండే మాట కనిపించినా దాన్ని తుడిచెయ్యకూడదు. ఎవరిని తుపాకీ పట్టడానికి తీసుకున్నారు, ఎవరిని మూటలు మొయ్యడానికి పంపారు అన్నది ఆ గడి చూస్తేనే తెలుస్తుంది.

మద్రాసు ప్రెసిడెన్సీ కాగితాలు చెన్నై ఎగ్మూర్‌లోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. వాటిలో మన జిల్లాకు సంబంధించిన సైనిక కాగితాల స్కాన్లు అడిగి తెప్పించుకోవాల్సింది మన ప్రభుత్వం. చదవడానికి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో చరిత్ర, తెలుగు, తమిళం చదివే విద్యార్థులున్నారు. సరిహద్దు జిల్లా కాబట్టి ఒకే మనిషిని తెలుగు గుమాస్తా ఒకలా, తమిళ గుమాస్తా ఇంకోలా రాసి ఉంటారు, రెండు భాషలవాళ్లూ కావాలి. విద్యార్థుల పక్కన రిటైరైన పోస్ట్‌మాస్టర్లను, రిజిస్ట్రార్ ఆఫీసుల దగ్గర పనిచేసిన డాక్యుమెంట్ రైటర్లను కూర్చోబెట్టాలి. గొలుసుకట్టు రాత చూడగానే ఈ తరం పిల్లలకు టెన్షన్ వస్తుంది, ఈ పెద్దవాళ్లు మాత్రం గడగడా చదువుతారు. ఆ రాత అలా చదవగలిగిన పెద్దవాళ్లలో చాలామందికి ఇప్పటికే డెబ్బై దాటాయి.