సవరణ: వీణలో జంతు పదార్థం లేదన్నది తప్పు

వాద్యాల్లో జంతు పదార్థాల గురించి మొన్నటి పోస్టులో "మృదంగానికి తోలు తప్పదు, వీణకైతే పనస చెక్క, లోహపు తీగలు చాలు" అని రాశాను. రెండు ముక్కలూ తప్పే.

వీణ మీది 24 మెట్లూ (తీగను నొక్కే చోట ఉండే అడ్డ కడ్డీలు) నిలిచేది తేనెపట్టు మైనం మీద. దాన్ని బొగ్గుపొడితో కలిపి, దండి (వీణ పొడవాటి మెడ) మీద రెండు వైపులా గట్టులా పెట్టి, మెట్లను అందులో నొక్కుతారు. మా ఇంటి వీణకి ఎండాకాలంలో మెట్టు జారితే ఆ నల్ల ముద్ద గోళ్లలో ఇరుక్కునేది. అయినా రాసేటప్పుడు గుర్తు రాలేదు చూడండి! పాత వీణల నగిషీలో ఏనుగు దంతం కూడా ఉండేది, ఇప్పుడు ఎక్కువగా ప్లాస్టిక్కే.

ఇక మృదంగం. బెంగళూరులో కె. వరదరంగన్ రూపొందించిన శ్రీమృదంగంలో తోలు లేదు: ఫైబర్‌గ్లాస్ గుల్ల, పాలియెస్టర్ మూతలు, బిగించడానికి నట్లు, బోల్టులు. పాత పోస్టులో ఆ రెండు ముక్కలూ తీసేశాను.