విదేశాల్లో మన లైసెన్సు ‘ఏడాది’ చెల్లుతుందా?

విదేశీ ప్రయాణం పెట్టుకున్న కుటుంబాల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం ఏళ్ల తరబడి తిరుగుతోంది: భారతీయ డ్రైవింగ్ లైసెన్సుతో అమెరికా, బ్రిటన్, జర్మనీ, జపాన్‌లలో ఏడాది పాటు కారు నడపవచ్చునని, ఐడీపీ (ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్) అక్కరలేదని, కార్డు మరచిపోయినా ఫోన్‌లో డిజీలాకర్ చూపిస్తే చాలని దాని సారాంశం.

మొదట ఆ ‘ఏడాది’ సంగతి చూద్దాం. ఈ లెక్క బ్రిటన్ వరకు సరిపోతుంది. అక్కడ స్థిరపడినవారు 12 నెలల పాటు మన లైసెన్సుతో కారు నడపవచ్చు. అయితే లైసెన్సు మార్పిడికి అంగీకరించిన దేశాల్లో భారత్ లేదు కనుక, హైదరాబాద్ ట్రాఫిక్‌లో ఇరవై ఏళ్లు నడిపిన మనిషి సైతం గడువు దాటాక ప్రొవిజనల్ (లెర్నర్) లైసెన్సు తీసుకుని, థియరీ, ప్రాక్టికల్ పరీక్షలు రెండూ నెగ్గాలి. అప్పటిదాకా కారుకు ఎర్రటి ‘ఎల్’ అక్షరమున్న తెల్ల పలక తగిలించి, 21 ఏళ్లు నిండి, కనీసం మూడేళ్లుగా పూర్తి లైసెన్సు ఉన్నవారిని పక్కన కూర్చోబెట్టుకోవలసిందే. (ఆ పక్క సీటులోని మనిషి ఒక్కోసారి తనకన్నా పదేళ్లు చిన్నవాడైన రూమ్మేట్ కావచ్చు.) జర్మనీలో నివాసం ఏర్పరచుకున్నవారికి సాధారణ గడువు ఆరు నెలలే.

అమెరికా విషయంలో పొరపాటు మరింత పెద్దది, ఎందుకంటే అక్కడ ఈ నిబంధన దేశానికంతటికీ ఒకటి కాదు, రాష్ట్రానికొకటి. కొత్తగా స్థిరపడినవారికి టెక్సస్ 90 రోజులు ఇస్తే, కాలిఫోర్నియా ఇచ్చేది 10 రోజులే. అదే కాలిఫోర్నియాలో కొడుకును చూడటానికి విజిటర్ వీసాపై వచ్చిన తండ్రి తన లైసెన్సు చెల్లుబాటులో ఉన్నంతకాలం దానితోనే నడపవచ్చు. ఉద్యోగం చేస్తూ అదే ఇంట్లో ఉండే కొడుకు మాత్రం స్థానిక లైసెన్సు తీసుకోవాలి. చట్టం చూసేది అతిథా, నివాసియా అన్నది. సందేశంలో ఎగిరిపోయిన మాట సరిగ్గా అదే.

ఐడీపీ అక్కరలేదన్న మాట జపాన్‌లో నిలవదు. రోడ్డు రవాణాపై కుదిరిన 1949 జెనీవా ఒప్పందం ప్రకారం జారీ అయిన ఐడీపీ లేకుండా మన లైసెన్సు ఒక్కటే అక్కడ చెల్లదు. చైనా ప్రధాన భూభాగంలోనైతే ఐడీపీకే గుర్తింపు లేదు. ఐడీపీ ఉంటే అసలు లైసెన్సు ఇంట్లో పెట్టి వెళ్లవచ్చునని అనుకునేవారూ ఉన్నారు, అదీ తప్పే. అది లైసెన్సుకు తోడుగా ఉండే పత్రమే తప్ప లైసెన్సు కాదు. ప్రయాణానికి ముందే ఆర్టీఓ కార్యాలయంలో ఫారం 4ఏతో దరఖాస్తు చేసుకుంటే వస్తుంది. చెల్లుబాటు ఏడాదికి మించదు.

డిజీలాకర్‌కు ఉన్న గుర్తింపు మన మోటారు వాహన నిబంధనల వల్ల వచ్చింది. ఆ నిబంధనలు మన సరిహద్దు దాటవు. కాబట్టి కార్డు చేతిలో ఉండాల్సిందే.

ఇక చివరగా, “అద్దె కారు సంస్థ తాళం ఇచ్చిందంటే లైసెన్సు చెల్లినట్టే కదా” అని వాదించేవారికి ఒక మాట. కౌంటర్‌లో కూర్చున్న ఉద్యోగి చూసేది లైసెన్సు కార్డు, క్రెడిట్ కార్డు, పాస్‌పోర్టు; మీరు ఆ రాష్ట్రంలో ఎన్నాళ్లుగా కాపురం ఉంటున్నారో ఆయన అడగకపోవచ్చు. ప్రమాదం జరిగిన తర్వాత బీమా సంస్థ అడుగుతుంది.