దుబాయ్‌కి గసగసాలు కట్టి పంపండి, తెలుస్తుంది

మా హనుమకొండ గ్రూపుల్లో వారం నుంచి ఒక మెసేజ్ చక్కర్లు కొడుతోంది. "నేరం ఎక్కడైనా నేరమే, ఎప్పుడైనా నేరమే. తాతల కాలంలో తప్పయింది ఇప్పుడూ తప్పే. చట్టాలు మార్చేది దొంగల కోసమే" అని. నాకే ఐదుగురు పంపారు, అందులో ఒకరు రిటైర్డ్ హెడ్మాస్టరు సారు.

"ఎక్కడైనా" అట. గల్ఫ్‌కు పోయేవాళ్లు బస్సెక్కే జగిత్యాల బస్టాండ్‌లో ఆ మాట అని చూడండి. మా మేనల్లుడు మొదటిసారి దుబాయ్ పోతుంటే మా అక్క సకినాలు, మామిడికాయ తొక్కు కట్టి, కోడికూరలోకి పనికొస్తాయని గసగసాల పొట్లం కూడా సంచిలో దూర్చింది. అక్కడ పదేళ్లు చేసొచ్చిన పక్కింటాయన చూసి "అక్కా, ఆ గసాలు తియ్యి ముందుగాల, పోరన్ని జైల్ల ఏస్తరు" అని సంచి మొత్తం విప్పించాడు. నిజమే, దుబాయ్ ఉన్న ఎమిరేట్స్ దేశంలో గసగసాలు మత్తు పదార్థాల లెక్కలోకే వస్తాయి. మా అక్క మాత్రం ఇప్పటికీ నమ్మదు, కిరాణా కొట్లో దొరికే సరుకుకు జైలేంది అంటుంది.

"ఎప్పుడైనా" సంగతి అయితే మరీ తేలిక. 1995 జనవరిలో ఎన్టీఆర్ మద్యనిషేధం పెట్టారు, 1997లో చంద్రబాబు సడలించారు. మధ్యలో సీసాతో దొరికితే కేసు, తర్వాత అదే సీసా అమ్ముకోమని సర్కారే లైసెన్సు ఇచ్చింది.

ఇక తాతలు. ఎవరి తాతలు? 1871 నాటి బ్రిటిష్ చట్టం కొన్ని జాతులను పుట్టుకతోనే నేరస్తులని రాసేసింది, ఆ జాబితాకెక్కిన మన ఎరుకలవాళ్లు ఏమీ దొంగిలించకపోయినా పోలీసులకు హాజరు చెప్పుకోవాల్సి వచ్చేది, ఆ మచ్చ కాగితం మీద పోవడానికి 1952 దాకా పట్టింది. ఆదిలాబాద్ అడవిలో గోండుల పోడు, అంటే అడవి నరికి చేసుకునే సాగు, నిజాం అధికారుల కంటికి నేరం. జల్, జంగల్, జమీన్ మాది అన్న కొమురం భీమ్‌ను 1940లో జోడేఘాట్‌లో కాల్చి చంపారు. 2006 అటవీ హక్కుల చట్టం వచ్చాక, 2005 డిసెంబర్ 13కు ముందు నుంచి సాగులో ఉంటే అదే పోడుకు పట్టా. సరిగ్గా ఆ తాతల కాలంలోనే దొర గడీలో జీతం బత్తెం లేకుండా వెట్టి చేయించుకోవడం మర్యాదగా చెల్లింది, దేశమంతటా వెట్టిని నేరం చేస్తూ చట్టం వచ్చింది 1976లో. ఆ మార్పు ఏ దొంగ కోసం జరిగిందో మెసేజ్ రాసినాయన చెప్పాలి.

హత్య ఎక్కడైనా హత్యే కదా అంటారా? చాలామట్టుకు ఒప్పుకుంటా. కానీ భర్త చితి మీద ఆడమనిషిని కాల్చడం కూడా బ్రిటిష్ పాలనలోని బెంగాల్‌లో 1829 దాకా నేరం కాదు.

అన్నట్టు, 1961 నుంచి కట్నం ఇచ్చినా పుచ్చుకున్నా నేరమే. ఆ హెడ్మాస్టరు సారే మొన్న ఫంక్షన్ హాల్లో బంతిలో నా పక్కనే కూర్చుని, అల్లుడికి ఎంత పెట్టిందీ లెక్కతో సహా చెప్పారు. కారు ఏ రంగుదో కూడా.