ఆ మొదటి జ్వరాన్ని వదిలేయొద్దు

సంక్రాంతి దగ్గరపడుతోంది. హైదరాబాద్, చెన్నై, బెంగళూరు నగరాల్లో కట్టడాల పనులకు వెళ్లిన శ్రీకాకుళం జిల్లా కూలీలు పలాస, శ్రీకాకుళం రోడ్ స్టేషన్లలో సంచులతో దిగే రోజులివి. వారిలో కొందరు ఒళ్లు వెచ్చబడి వస్తారు. ఇంటికి చేరగానే ఊళ్లోని ఆర్‌ఎంపీ ఒక సెలైన్ ఎక్కిస్తారు, రెండు ఇంజక్షన్లు చేస్తారు, టైఫాయిడేమోనని విడాల్ పరీక్షకు చీటీ రాస్తారు. గొంతు నొప్పి, ఒళ్లు నొప్పులు, మెడ దగ్గర కట్టిన బిళ్లలు, ఛాతీ మీద లేచిన ఎర్రని దద్దులు వారం పది రోజుల్లో వాటంతటవే తగ్గిపోతాయి. మలేరియా, డెంగీ, టైఫాయిడ్ ఏటా పలకరించే ఈ ప్రాంతంలో తగ్గిపోయిన జ్వరం గురించి మళ్లీ ఎవరూ ఆలోచించరు. అలా మరచిపోయిన జ్వరాల్లో ఏ కొద్దివో హెచ్‌ఐవీ శరీరంలో అడుగుపెట్టిన తొలి వారాల జ్వరాలు కావచ్చు. ఆ కొద్దివాటిని పట్టుకోవడం మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు అసాధ్యమేమీ కాదని మా నమ్మకం.

తొలి వారాలకు ఇంత ప్రాధాన్యం ఎందుకో ప్రయోగశాలల్లో మూడు దశాబ్దాలుగా తేలుతూ వస్తోంది. వైరస్ ఒంట్లో చేరిన మొదటి పది రోజుల ప్రాంతంలో ఏ రక్త పరీక్షకూ అది చిక్కదు. ఆ తర్వాత రక్తంలో దాని జన్యు పదార్థం కనిపిస్తుంది, మరికొన్ని రోజులకు పి24 అనే దాని ప్రోటీను, ఆపైన ఎప్పటికో దానిపై మన శరీరం తయారు చేసుకున్న యాంటీబాడీలు బయటపడతాయి. మూడో వారానికి అటూ ఇటూగా ఒక్క మిల్లీలీటరు రక్తంలో వైరస్ ప్రతుల సంఖ్య లక్షలు దాటి, కొందరిలో పది లక్షలకు పైబడుతుంది. జ్వరం వచ్చేది సరిగ్గా ఆ రోజుల్లోనే. ఒకరి నుంచి మరొకరికి వైరస్ అత్యంత సులువుగా సోకేదీ ఆ రోజుల్లోనే. విషాదమేమిటంటే, తన ఒంట్లో ఏముందో ఆ మనిషికి తెలిసే అవకాశం అన్నిటికంటే తక్కువగా ఉండేది కూడా అప్పుడే.

అసలు నష్టం రక్తంలో కనిపించదు, పేగుల్లో జరుగుతుంది. మన రోగనిరోధక కణాలు ఎన్నో పేగు గోడల్లో కాపలా కాస్తుంటాయి. కోతులకు సోకే ఇదే జాతి వైరస్‌పై జరిగిన పరిశోధనలు 1998లో, మనుషులపై జరిగినవి 2004లో తేల్చినదేమిటంటే, సోకిన కొద్ది వారాల్లోనే అక్కడ ఈ వైరస్ గురిపెట్టే సీడీ4 అనే రోగనిరోధక కణాలు పెద్దయెత్తున నాశనమైపోతాయి. రక్తంలో సీడీ4 లెక్క మాత్రం కాస్త పడి, మళ్లీ కొంత లేచి, అంతా కుదుటపడినట్టు కనిపిస్తుంది. ఈలోగా సీడీ8 కణాలనే మరో దళం రంగంలోకి దిగి, వైరస్ సోకిన కణాలను వెతికి చంపుతుంది. రక్తంలో వైరస్ తగ్గుముఖం పట్టడంలో వాటి పాత్ర పెద్దది. అయితే వైరస్ తన రూపును మార్చుకుంటూ వాటి కన్నుగప్పుతుంది. కొద్ది నెలలకు ఈ పోరులో రక్తంలోని వైరస్ ఒక స్థాయి దగ్గర నిలకడకు వస్తుంది. మందులు వాడనివారిలో ఆ స్థాయి ఎంత ఎక్కువగా ఉంటే జబ్బు అంత త్వరగా ముదురుతుందని వైద్యులు చాలాకాలంగా గమనిస్తున్నారు. అంటే రాబోయే పదేళ్ల కథ చాలావరకు ఆ తొలి నెలల్లోనే రాసి పెట్టినట్టవుతుంది. యాంటీబాడీలు వస్తాయి గానీ, మొదట వచ్చేవి వైరస్‌ను ఆపగలిగినవి కావు. ఆపగలిగినవి తయారయ్యేసరికి వైరస్ ఇంకో వేషం వేసుకుని ఉంటుంది.

మరొక పని కూడా ఈ రోజుల్లోనే జరిగిపోతుంది. వైరస్ తన జన్యువును నిద్రాణంగా ఉండే కణాల్లో పొదిగి దాచుకుంటుంది. సోకిన మూడో రోజునే మందులు మొదలుపెట్టినా ఆ దాపరికం అప్పటికే ఏర్పడి ఉందని 2014లో కోతులపై జరిగిన అధ్యయనం చూపింది. పుట్టిన 30 గంటల్లోనే చికిత్స అందుకుని, తర్వాత మందులు ఆగిపోయినా రెండేళ్లకు పైగా వైరస్ జాడ లేకుండా ఉన్న అమెరికాలోని మిసిసిపీ శిశువులో అదే సంవత్సరం వైరస్ మళ్లీ తలెత్తినప్పుడు ప్రపంచమంతా నిట్టూర్చింది. బ్యాంకాక్‌లో 2009 నుంచి సాగుతున్న అధ్యయనంలో, యాంటీబాడీలు కూడా పుట్టకముందే చికిత్స మొదలుపెట్టిన ఎనిమిది మందికి పర్యవేక్షణలో మందులు ఆపి చూస్తే, నెల తిరగకుండానే వారిలో ఎక్కువమందికి వైరస్ తిరిగి వచ్చింది. మరోవైపు, తొలిదశలో చికిత్స పొంది తర్వాత మందులు ఆపేసినా వైరస్‌ను ఏళ్ల తరబడి అదుపులో ఉంచుకున్న 14 మంది గురించి ఫ్రాన్స్ పరిశోధకులు 2013లో ప్రకటించారు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడాలి. తొలి చికిత్సతో జబ్బు పూర్తిగా పోతుందని ఎవరైనా చెబితే అది అబద్ధం. తొలి చికిత్సతో దాగిన వైరస్ తక్కువగా ఉంటుందని, రోగనిరోధక శక్తి ఎక్కువగా మిగులుతుందని చెబితే అది నిజం. మందులు మాత్రం ఎవరూ సొంతంగా ఆపకూడదు.

ఈ పరిశోధనల్లో మమ్మల్ని ఎక్కువగా కదిలించినది దక్షిణాఫ్రికాలోని డర్బన్ నగరం పక్కన ఉమ్లాజీలో 2012లో మొదలైన అధ్యయనం. 1860 తర్వాత గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి ఓడలెక్కి చెరకు తోటల్లో కూలికి చేరిన మనవారి వారసులు నేటికీ ఉన్న ఊరు డర్బన్. అక్కడ 18 నుంచి 23 ఏళ్ల మధ్య వయసున్న ఆరోగ్యవంతులైన యువతులను వారానికి రెండుసార్లు పిలిచారు. వచ్చిన ప్రతిసారీ వేలికొసన గుచ్చి రక్తపు చుక్క తీసి వైరస్ జన్యు పదార్థం కోసం పరీక్షించారు. ఆ తర్వాత అదే చోట ఉద్యోగానికి పనికొచ్చే చదువు, కంప్యూటర్ శిక్షణ, తమ ఆరోగ్యాన్ని తాము కాపాడుకునే తెలివిడి నేర్పారు. తర్వాతి కాలంలో ఎవరిలోనైనా వైరస్ కనిపిస్తే ఆలస్యం చేయకుండా చికిత్స మొదలుపెట్టారు. అలా చికిత్స అందుకున్నవారిలో సీడీ8 కణాలు అలసిపోకుండా, పనిచేసే సత్తాను నిలుపుకున్నాయని 2019లో వెలువడిన ఫలితాలు చెప్పాయి. రక్తం ఇచ్చిన ఆడపిల్లకు చేతిలో ఒక పని కూడా పెట్టాలనుకున్న ఆ పరిశోధకుల ఆలోచన ముందు మనం ఒక్క నిమిషం ఆగాలి. పేదరికమే ఈ జబ్బుకు దారి తీసే చోట, బతుకుతెరువు నేర్పడం కూడా వైద్యంలో భాగమేనని వారు గుర్తించారు.

అంత ఖర్చుతో కూడిన పరీక్షలు ఇచ్ఛాపురంలోనో మందసలోనో వారానికి రెండుసార్లు చేయాలని మేము అడగడం లేదు. పుణెలో 1990లలో లైంగిక వ్యాధుల క్లినిక్‌లకు వచ్చి, యాంటీబాడీ పరీక్షలో నెగటివ్ తేలినవారి రక్తాన్నే పి24 కోసం మళ్లీ పరీక్షించి, కొందరిలో కొత్తగా సోకిన హెచ్‌ఐవీని మన శాస్త్రవేత్తలు పట్టుకున్నారు. జ్వరం, కీళ్ల నొప్పులు, రాత్రి చెమటలు వారిలో ఎక్కువగా కనిపించాయి. ఆసక్తితో అడిగితే దొరికే ఆనవాళ్లివి. జిల్లాలో అడిగేవారు తక్కువగా ఉన్నారన్నదే మా బాధ.

మన కేంద్రాల్లో పరీక్ష ఎలా జరుగుతుందో చూడండి. వేలిని గుచ్చి తీసిన చుక్కను చిన్న పట్టీ మీద వేసి, ద్రావణం కలిపి, కొన్ని నిమిషాలు వేచి ఉంటారు. రెండు గీతలు వస్తే మరో రకం కిట్లతో నిర్ధారణకు పంపుతారు. ఒక్క గీతే వస్తే ‘ఏమీ లేదు, వెళ్లిరండి’ అంటారు. ఆ పట్టీ ప్రధానంగా వెతికేది యాంటీబాడీలను. గత నెలలో సోకిన వైరస్‌ను అది చూడలేకపోవచ్చు. వైరస్ సోకినా పరీక్షకు చిక్కకపోవచ్చనే ఈ మూడు నెలల ‘విండో పీరియడ్’ గురించి కౌన్సెలర్లకు తెలుసు, మళ్లీ రమ్మనీ చెబుతారు. కానీ రద్దీలో, సిగ్గుతో తల వంచుకుని కూర్చున్న మనిషి చెవికి ఆ రెండో మాట ఎక్కదు. ఒక్క గీతను చూసిన ఉపశమనంతో అతడు గుమ్మం దాటేస్తాడు. కాబట్టి నెగటివ్ అని రాసిచ్చే కాగితం మీదే మళ్లీ రావాల్సిన తేదీని పెద్ద అక్షరాల్లో రాసివ్వాలి. వలస వెళ్లేవారికి ఆ తేదీన వారున్న ఊళ్లోని కేంద్రం ఏదో కూడా చెప్పాలి. జ్వరంతో వచ్చిన వయోజనుడికి మలేరియా, డెంగీ రెండూ లేవని తేలినప్పుడు, మూడో ప్రశ్నను, అంటే హెచ్‌ఐవీ సోకే అవకాశం గురించిన ప్రశ్నను, మర్యాదగా, చాటుగా అడిగే అలవాటు వైద్యాధికారులకు రావాలి. పి24ను కూడా పట్టగల నాలుగో తరం కిట్లను కనీసం జిల్లా కేంద్ర ఆసుపత్రిలోనైనా ఇలాంటి వారికోసం అందుబాటులో ఉంచాలి. సూది గుచ్చుకోవడం వంటి ప్రమాదం జరిగినప్పుడు 72 గంటల్లోపు మొదలుపెట్టి 28 రోజులు వాడితే వైరస్‌ను అడ్డుకోగల మందులున్నాయన్న సంగతి ఆసుపత్రిని ఊడ్చే కార్మికుల దాకా తెలియాలి.

పాజిటివ్ అని తేలినవారికి ఎదురుచూపులు ఉండకూడదు. సీడీ4 లెక్క ఎంతున్నా అందరికీ చికిత్స అన్న విధానాన్ని మన దేశం 2017లోనే స్వీకరించింది. వెంటనే మందులు మొదలుపెట్టినవారికి తీవ్రమైన అనారోగ్యం, మరణం ముప్పు 57 శాతం తగ్గినట్టు 2015లో ఒక అంతర్జాతీయ అధ్యయనం నిరూపించింది. తేలిన రోజునే చికిత్స ప్రారంభించవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ సైతం చెబుతోంది. కొండ దిగి, రెండు బస్సులు మారి హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ కేంద్రానికి వచ్చిన గిరిజన మహిళను ‘వచ్చే వారం రా’ అని పంపితే ఆమె తిరిగి రావడానికి ఒక రోజు కూలి, ఇంట్లో చెప్పుకోవడానికి ఒక అబద్ధం కావాలి.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. వలస వెళ్లివచ్చిన మనిషిని వేలెత్తి చూపించడానికి ఈ మాటలు సాకు కాకూడదు. ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఉన్న ఊళ్లకు సంబంధం కలుపుకోవడానికి జనం వెనకాడిన రోజులను ఈ జిల్లా చూసింది. జబ్బు కంటే మాట ఎలా గాయపరుస్తుందో మనకు వేరే చెప్పనక్కర్లేదు. 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉన్న హెచ్‌ఐవీ చట్టం ప్రకారం మనిషి సమ్మతి లేకుండా పరీక్ష చేయడం, ఫలితాన్ని బయటపెట్టడం, ఉద్యోగంలో, వైద్యంలో వివక్ష చూపడం నిషిద్ధం. ఆశా కార్యకర్త గుట్టు దాస్తుందన్న నమ్మకం కుదిరినప్పుడే జ్వరం తగ్గిన మనిషి మళ్లీ పరీక్షకు వస్తాడు.

పండుగ వారంలో కార్యాలయాలకు సెలవులుంటాయి. కూలీలు ఊళ్లో ఉండేది మాత్రం ఆ పది రోజులే. కనుమ మర్నాటికే తిరుగు రైళ్లు కిక్కిరిసిపోతాయి. ఈసారి ఆ రోజుల్లో జిల్లాలోని పరీక్షా కేంద్రాలను సాయంత్రం పూట కూడా తెరిచి ఉంచాలని, ఏ బల్ల దగ్గర ఎవరు ఉంటారో పంచాయతీల ద్వారా ముందే తెలియజేయాలని, 1097 ఉచిత ఫోన్ నంబరును స్టేషన్ల గోడల మీద తెలుగులో రాయించాలని జిల్లా వైద్య ఆరోగ్య శాఖను కోరుతున్నాం.